సముద్రపు ఆవు పక్కటెముక

మధులికకు అనుమానం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కూరగాయల కొట్టువాడు నవ్వితే తూకంలో మోసం చేశాడనుకుంటుంది, నవ్వకపోతే చేశాడని తేల్చేస్తుంది. భర్త కిరీటి ఒకసారి చెప్పాపెట్టకుండా మిఠాయి పట్టుకొస్తే "ఏం చేసొచ్చారు?" అని నిలదీసింది. పాపం, అతను మిఠాయి తేవడమే మానేశాడు. ఎందుకు మానేశాడా అని ఇప్పుడు అదొక అనుమానం.

అలాంటి మనిషి దారిన పోయే జనాన్ని నమ్మి ఒక పని చేసిందంటే విడ్డూరమే. గల్ఫ్‌లోని మనామా నగరంలో ఒక వ్యాపార కుటుంబం తమ పాత ఇంటిని బాగు చేయించి చిన్న ప్రకృతి చరిత్ర మ్యూజియం నడుపుతోంది. కాకినాడలో సైన్సు పాఠాలు చెప్పుకునే మధులిక, కిరీటి ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చి అందులో కుదిరింది. వచ్చినవాళ్ళకు శిలాజాల గురించి అర్థమయ్యేలా చెప్పడం ఆమె పని. చెప్పడం బాగానే చెప్పేది, వినేవాళ్ళే లేరు. అద్దాల బీరువాల ముందు నిలబడ్డ జనం లోపలున్నవాటిని వదిలేసి, అద్దంలో జుట్టు సర్దుకుని, ఒక సెల్ఫీ దిగి వెళ్ళిపోయేవారు. కోట్ల ఏళ్ళ నాటి జీవి ఎదురుగా ఉంటే వీళ్ళు తమ మొహాలు చూసుకుంటారేమిటని ఆమెకు ఒళ్ళు మండేది.

అద్దం లేని బల్ల ఒకటి కావాలని మేనేజరు యూసుఫ్ వెంట పడింది. దాని మీద నకళ్ళు కాకుండా నిజమైన శిలాజాలే పెట్టాలంది. ఎవరైనా సరే చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళాలంది. యూసుఫ్ మంచివాడే గాని, సేకరణలో ఉన్న గులకరాయిని కూడా కన్నబిడ్డలా చూసుకునే రకం. చాన్నాళ్ళు కాదని, చివరికి ఆమె పోరు పడలేక ఒప్పుకున్నాడు.

"యల్లా, సరే, పెట్టుకో," అన్నాడు. "కాని బల్ల మీద వస్తువు ఒక్కటి పోయినా, మారినా, ఆ రోజే అద్దం బిగించేస్తాను. మళ్ళీ నన్ను అడక్కూడదు."

ఆమె సరేనంది. అనేసిన దగ్గర్నుంచి మనశ్శాంతి పోయింది.

బల్ల మీద షార్కు పళ్ళు, గవ్వలు అచ్చుపడిన రాయి పెట్టారు. అన్నిటికంటే ముఖ్యమైంది సముద్రపు ఆవు పక్కటెముక. పేరుకు ఆవే గాని ఆవు కాదు. సముద్రం అడుగున గడ్డి మేసి బతికే పెద్ద జంతువు. ఆ జాతివి ఇప్పటికీ ఈ దీవి చుట్టూ నీళ్ళలో తిరుగుతున్నాయి. బల్ల మీది ఎముక వాటి తాతముత్తాతలది, కోటి ఏళ్ళ పైమాటే. లేత గోధుమరంగులో, అరటికాయలా వంపు తిరిగి, ఒక కొస విరిగి ఉంటుంది. చూడ్డానికి చిన్నదే, ఎత్తితే మాత్రం మణికట్టు కిందికి లాగుతుంది.

దాన్ని మొదట చేతిలోకి తీసుకున్నవాడు ముత్యం. జగిత్యాల దగ్గరి మనిషి, నలభై దాటినవాడు, కర్జకాన్ వైపు ఒక వర్క్‌షాపులో పని చేస్తాడు. శుక్రవారం సెలవు రోజు మనామా బజారుకని బస్సెక్కి వచ్చి, ఎండ తగ్గేదాకా ఏసీలో కూర్చోవచ్చని మ్యూజియంలోకి వచ్చాడు. ఎముకను ఎత్తి, ఉలిక్కిపడి, రెండో చెయ్యి కూడా కింద పెట్టాడు.

"మేడం, గిది నిజం బొక్కనేనా? రాయి గాదా?" అన్నాడు. బొక్క అంటే వాళ్ళ వైపు ఎముక.

"నిజం ఎముకేనండీ. ఎముకే రాయిలా గట్టిపడింది."

"గింత బరువెందుకున్నది మరి?"

"నీళ్ళ అడుక్కి మునిగి గడ్డి మెయ్యాలి కదా. ఒంట్లో బరువు లేకపోతే పైకి తేలిపోదూ?"

ముత్యం చేతిలోని దాన్ని పైకీ కిందికీ ఆడించి చూశాడు. తర్వాత దించి, ఆ చేతులు కళ్ళకద్దుకున్నాడు. ఆవు అన్నారు కదా, మరి. మధులిక ఎన్నాళ్ళుగానో గోడలకు చెప్పిన పాఠం ఆ పూట ఒక మనిషికి చేరింది. ఇంటికి వెళ్ళి కిరీటితో ఆ సంగతే పడుకునేదాకా చెప్పింది. అతను విసుక్కోకుండా విన్నాడు, దానికి మాత్రం ఆమె అనుమానపడలేదు.

అయితే నమ్మకం నమ్మకమే, కాపలా కాపలానే. బల్ల పెట్టకముందు ఒక శిలాజ శాస్త్రవేత్త వచ్చి మ్యూజియం వాళ్ళకు శిక్షణ ఇచ్చి వెళ్ళింది. మట్టిలో దొరికింది ఎముకా, రాయా తేలనప్పుడు తవ్వకాలవాళ్ళు నాలుక కొసతో తాకి చూస్తారట. ఎముకలో సన్నని రంధ్రాలుంటాయి గనక తడిని పీల్చి నాలుకకు అంటుకుంటుంది. మామూలు రాయి అంటుకోదు, ప్లాస్టిక్ నకలూ అంటుకోదు. మొదట వినగానే మధులికకు వాంతి వచ్చినంత పనయింది. అందరూ చేస్తుంటే కళ్ళు మూసుకుని ఆమే చేసింది. పక్కటెముక విరిగిన కొస నాలుకను చటుక్కున పట్టుకుంది. ఆ క్షణం తాను టీచరు కాదు, శాస్త్రవేత్తను అనిపించింది. నిజం చెప్పాలంటే ఆ విద్యలో ఆమెకు వచ్చింది ఆ ఒక్క ముక్కే. దాన్ని పట్టుకుని వదల్లేదు.

బల్ల పెట్టిన రోజు నుంచి ఆమె ఆ పరీక్ష మానలేదు. పొద్దున్నే తలుపులు తీయకముందు, అటూ ఇటూ చూసి, ఎముక కొసను నాలుకతో తాకేది. అంటుకుంటే అసలుదే ఉన్నట్టు. ఎవరూ మార్చలేదని గుండె మీద చెయ్యి వేసుకుని తలుపులు తీయించేది. రోజూ తుడిచే బల్లే గనక పరిశుభ్రత గురించి ఆమెకు దిగులు పుట్టలేదు.

ముత్యం ప్రతి శుక్రవారం వచ్చేవాడు. ఒక్కడే కాదు, ప్రతిసారీ తాముండే కూలీల క్యాంపు నుంచి కొత్తవాళ్ళను వెంటబెట్టుకొచ్చేవాడు. లింబాద్రి అనే పొడుగాటి మనిషి మాత్రం ఎప్పుడూ పక్కనే ఉండేవాడు. మొదట్లో మధులిక మురిసిపోయింది. తర్వాత గమనించింది. వీళ్ళు బల్ల చుట్టూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడతారు. ముత్యం ఏదో చెబుతుంటాడు, మిగతావాళ్ళు తలాడిస్తుంటారు. ఆమె దగ్గరకు వెళ్ళగానే మాట ఆగిపోతుంది. ముత్యం నేల చూపులు చూస్తాడు.

ఏం చెబుతున్నాడు? ఆమె వచ్చేసరికి ఎందుకు ఆపేస్తున్నాడు? వారమంతా ఆ ప్రశ్న ఆమె బుర్ర తినేసింది.

"మీ వర్క్‌షాపులో ఏం చేస్తారు ముత్యం గారూ?" అని ఒక శుక్రవారం మామూలుగా అడిగినట్టు అడిగింది.

"జిప్సం పని మేడం. సీలింగుల కింద పువ్వులు, తీగలు పోస్తం. ఏది చూస్తే అది జేస్తం. గులాబి పువ్వంటే గులాబి పువ్వు, సింహం మొకమంటే సింహం మొకం." చెప్పి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "రంగేసినమంటే కట్టెనో సున్నమో ఎవ్వలు గుర్తువట్టరు."

మధులిక కూడా నవ్వింది. నవ్వుతూనే బల్ల మీది ఎముక వైపు ఒకసారి చూసుకుంది.

ఆ తర్వాతే ఎముక మారడం మొదలైంది. ఒక పొద్దున చూస్తే దాని మీద తెల్లగా బూడిద లాంటిది పట్టి ఉంది. నాలుకకు ఉప్పగా తగిలింది. ఆ వారంలోనే, కింది వైపు నల్ల ఇంకుతో సన్నగా రాసి ఉన్న నంబరు మసకబడింది, ఆపైన పూర్తిగా పోయింది. మ్యూజియంలో ప్రతి వస్తువుకూ నంబరుంటుంది. నంబరు లేదంటే అది మ్యూజియంది కాదు. మధులిక దాన్ని తిప్పి తిప్పి చూసింది. చేతి రాపిడికి పోయిందేమో అని తనకు తానే సర్దిచెప్పుకుంది, ఆ సర్దుబాటు ఎంతోసేపు నిలవలేదు.

అప్పుడే గ్యాలరీ ఆయమ్మ వీరవేణి తీరు కూడా తేడాగా కనబడసాగింది. అమలాపురం వైపు మనిషి. ఊడ్చి తుడిచి, తాళాలు తీసి వేసే పని ఆమెది. ఏనాడూ లేనిది ఉప్పూ కారం చల్లిన మామిడికాయ ముక్కలు డబ్బాలో తెచ్చి మధులిక కూర్చునే బల్ల మీద పెట్టడం మొదలెట్టింది. ఒకరోజు చింతకాయ తొక్కు తెచ్చింది.

"ఇదంతా ఎందుకు వీరవేణీ?"

"తినండి మేడంగారండీ, నోటికి పుల్లపుల్లగా బాగుంటాది. మెట్లు మటుకు నెమ్మదిగా ఎక్కండి."

మధులిక ఆ ముక్కలు తింది, ఎందుకు పెడుతోందా అని లెక్కలు వేసుకుంటూ తింది. ఊరికే ఎవరు పెడతారు? ఏదో తప్పు చేసింది, నోరు మూయించడానికి పెడుతోంది అని తేల్చింది. మర్నాడు నిలేసి అడిగింది.

"వీరవేణీ, నిజం చెప్పు. బల్ల మీద ఎముకను ఎవరన్నా ఏమన్నా చేస్తున్నారా?"

వీరవేణి మొహం ఎర్రబడింది. చీపురు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నాకేం తెలుసండీ. పెద్దోళ్ళ సంగతులు నాకెందుకండీ," అని మొహం తిప్పుకుని బక్కెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

తెలుసు. దీనికంతా తెలుసు. మనూరి మనిషి, మన భాష మనిషి అని ముత్యాన్ని కాపాడుతోంది. మధులిక మనసులో ఆ ముడి గట్టిగా బిగిసింది. గోదావరి మనిషికీ జగిత్యాల మనిషికీ మనూరు ఎక్కడ కలిసిందని అడిగేవాళ్ళు ఆ సమయంలో ఆమె పక్కన లేరు.

మరో వారానికి ఎముక పూర్తిగా వేరే వస్తువులా ఉంది. బూడిద పోయింది. లేత గోధుమరంగు ముదురు రంగైంది. పైన నిగనిగ వచ్చింది. అచ్చం బజారులో అమ్మే ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన వచ్చింది. ముత్యం తల ఎప్పుడూ నూనెతో మెరుస్తూ ఉంటుందని ఆమెకు ఠక్కున గుర్తొచ్చింది. కొసను నాలుకకు ఆనించింది.

అంటుకోలేదు.

ఇంకోసారి ఆనించింది. జారిపోయింది. అసలుది పోయింది, ఇది నకలు. బరువు మారిందో లేదో చూసుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

యూసుఫ్‌కు చెప్పాలి. కాని చెప్పిన మరుక్షణం అద్దం వస్తుంది. మళ్ళీ జనం మొహాలు చూసుకుంటారు, మళ్ళీ ఆమె గోడలకు పాఠం చెప్పుకోవాలి. ఆ రోజు మధ్యాహ్నం కిరీటికి ఫోను చేసి, గొంతు తగ్గించి అంతా చెప్పింది.

"ఎవరి మీదైనా మాట వేసేముందు యూసుఫ్‌కి ఒక ముక్క చెప్పరాదూ?" అన్నాడతను.

"చెబితే బల్ల పోతుంది. దొంగను నేనే పట్టుకుంటాను, ఎముక తెచ్చి దాని చోట పెట్టేస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు."

"వాడే తీశాడని నీకెలా తెలుసు?"

"మీరు వాడి తరఫున మాట్లాడుతున్నారేంటి?" అని ఫోను పెట్టేసింది.

ఆ శుక్రవారం ముత్యం ఒక్కడే వచ్చాడు. స్తంభం చాటున నిలబడి చూస్తున్న మధులిక కళ్ళముందే, ఎముక పక్కన అరచెయ్యి పరిచి జానతో కొలిచాడు. ఎత్తి, వేళ్ళతో తడిమి, వంపు ఎక్కడ మొదలవుతుందో చూసుకున్నాడు. దించి, చేతిలోని జిడ్డును ప్యాంటుకు తుడుచుకుని, వెళ్ళిపోయాడు. నకలు పెట్టేశాక మళ్ళీ దాన్నే ఎందుకు కొలిచినట్టు? ఆ ప్రశ్న ఆమెకు రావలసిందే. వచ్చింది కూడా. షార్కు పళ్ళ మీద కూడా కన్నేశాడు కాబోలు, చెయ్యి సాధన చేసుకుంటున్నాడు అని జవాబు ఆమే చెప్పేసుకుంది.

తర్వాతి శుక్రవారం మ్యూజియం కిటకిటలాడుతోంది. మలయాళీ కుటుంబాలు, జుఫైర్ హోటళ్ళలో పనిచేసే పిల్లలు, క్యాంపుల నుంచి మగవాళ్ళు. ముత్యం వచ్చాడు, వెంట లింబాద్రి, మరికొందరు. ముత్యం చంకలో గుడ్డసంచి. సంచులు గుమ్మం దగ్గర ఇచ్చి రావాలి. అతను ఇవ్వలేదు. చంక బిగించి పట్టుకుని నేరుగా బల్ల వైపు నడిచాడు.

మధులిక అడ్డం వెళ్ళి నిలబడింది. "సంచిలో ఏముంది?"

ముత్యం తడబడ్డాడు. "గిప్పుడు వద్దు మేడం. మంది పోయినంక మీకే చూపెడ్త."

"ఇప్పుడే చూపించండి."

"మేడం, జర సైసుండ్రి..."

ఆమె సైపలేదు, ఆగలేదు. చేతులు తమంతట తామే ముందుకు వెళ్ళి సంచి లాగేశాయి. లోపల తువ్వాలు, తువ్వాల్లో వంపు తిరిగిన గోధుమరంగు ఎముక. విరిగిన కొసతో సహా.

"యూసుఫ్!" అని ఆమె పెట్టిన కేకకు గ్యాలరీ అంతా తిరిగి చూసింది. యూసుఫ్ ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చాడు. కాపలా భాయ్ వచ్చి ముత్యం భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి గట్టిగానే వేశాడు. లింబాద్రి ఒక అడుగు ముందుకు వేయబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆగిపోయాడు.

మధులికకు భయం పోయింది. ఇన్ని వారాలు మోసిన బరువు ఒక్కసారి దించేసే వీలు దొరికింది. ఇంగ్లీషులో, అందరికీ వినిపించేలా చెప్పింది: ఇతను జిప్సం పోసేవాడు, బల్ల మీద నకలు పెట్టి అసలుది ఎత్తుకుపోయాడు, ఇప్పుడు ఇంకేదో మార్చడానికి వచ్చాడు, రుజువు ఇక్కడే చూపిస్తాను.

"నేన్ దొంగతనం జెయ్యలే మేడం," అన్నాడు ముత్యం. గట్టిగా అనలేదు.

ఆమె వినే స్థితిలో లేదు. సంచిలో దొరికినదాన్ని ఎత్తింది. ఎత్తగానే చేతికి తేలిగ్గా తగిలింది. ఎంత బరువుండాలో చేతికి తెలుసు. వారం వారం అందరికీ ఆ బరువు గురించే చెప్పిన మనిషి. చెయ్యి చెప్పింది, ఆమె పట్టించుకోలేదు. అందరి ముందూ కొసను నాలుకకు ఆనించింది. చటుక్కున అంటుకుంది.

"ఇదే అసలుది!" అంది. తర్వాత బల్ల మీదిది ఎత్తి నాలుకకు ఆనించింది. జారిపోయింది. "ఇది నకలు. చూశారా?"

జనంలో గుసగుస బయల్దేరింది. ఎవరో ఫోను పైకెత్తారు. అప్పుడే మూల నుంచి తడిగుడ్డ పట్టుకుని వీరవేణి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో మేడంగారండీ! మళ్ళీ ఎంగిలి చేసేశారా! ఇప్పుడే కదండీ కడిగి పెట్టాను!"

మధులిక చేతిలో ఎముక అలాగే ఉండిపోయింది. "ఏం కడిగావు?"

"దాన్నేనండీ. మీరు రోజూ పొద్దున్నే నాకుతున్నారు కదండీ, తలుపు సందులోంచి నేను చూడ్డంలేదేంటండీ? ఆ ఎంగిలి వస్తువును పరాయోళ్ళ పిల్లలు ముట్టుకుని నోట్లో వేళ్ళు పెట్టుకుంటే పాపం కాదండీ? మీకు చెప్పడానికి నోరు రాలేదండీ. అందుకని మీరటు వెళ్ళగానే గిన్నెలు తోమే సబ్బేసి, పీచుతో రుద్ది కడిగేదాన్ని. కడిగితే తెల్లగా పొక్కిపోయిందండీ, సరేలెమ్మని కాస్త కొబ్బరినూనె రాశాను. ఎంత బాగా మెరుస్తోందో చూడండి!"

"నన్ను అడగలేదేం?" అంది మధులిక. ఆ గొంతు ఆమెదేనా అన్నట్టుంది.

వీరవేణి కొంగుతో మూతి తుడుచుకుని, కాస్త సిగ్గుపడుతూ, "నెల తప్పారేమో అనుకున్నానండీ," అంది. "కడుపుతో ఉన్నోళ్ళకి మట్టి, సుద్ద నాకాలనిపిస్తాది కదండీ. అందుకే పుల్లవి కూడా తెచ్చి పెట్టాను. ఆయ్."

క్యాంపు మనుషుల్లో ఒకడు కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నాడు. యూసుఫ్‌కు తెలుగు రాదు. "ఏమంటోంది ఆమె?" అని అడిగాడు. అక్కడ రెండు భాషలూ వచ్చిన మనిషి మధులిక ఒక్కతే. తన పరువు తీసిన మాటలు తనే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. సబ్బు దగ్గర ఒకసారి ఆగింది, నూనె దగ్గర ఇంకోసారి ఆగింది. నెల తప్పడం గురించి కూడా చెప్పింది, వదిలేద్దామనుకుంది గాని నోరు ఆగలేదు. తల కొట్టేసినట్టయింది.

"మరి ఇతని చేతిలోది?" అన్నాడు యూసుఫ్.

ముత్యం కాపలా భాయ్ చేతిని మెల్లగా భుజం మీంచి తీసేసి, మధులిక చేతిలోంచి తన వస్తువును తీసుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని, బల్ల అంచుకు ఆనించి నొక్కాడు. ఫట్మని విరిగింది. లోపల తెల్లటి సుద్ద, ఎముకలాగే తడిని పీల్చి నాలుకను పట్టుకునేది.

"జిప్సం మేడం," అన్నాడు. "చాయ్‌పత్త నీళ్ళల్ల ముంచిన, రంగు రావాలని."

"ఎందుకు చేశారు?"

"క్యాంపుల శుక్రారం గూడ డ్యూటీ ఉన్నోళ్ళు శానమంది ఉన్నరు. వాళ్ళు గీడికి రాలేరు. నేను నోటితోని చెప్తే, గింత లావుంటదా, గిట్ల వంగుంటదా అని అడుగుతరు. చేతిలవెడ్తే సమజైతదని జేసిన." ఒక్క క్షణం ఆగాడు. "మీకు చూపెట్టి, సరిగున్నదా లేదా అడిగి, గప్పుడు తీస్కపోదామనుకున్న. మంది ముందట చూపెడ్తే ఏం సరిగజెయ్యలేదు అని నవ్వుతరని సిగ్గైంది."

అప్పుడు మధులికకు ఆ గుసగుసలన్నీ అర్థమయ్యాయి. ఆమె చెప్పిన పాఠాన్నే అతను తన మాటల్లో తనవాళ్ళకు చెబుతున్నాడు. టీచరమ్మ దగ్గరకు రాగానే, తప్పు చెబుతున్నానేమోనని నోరు మూసుకుంటున్నాడు. అంతే. దాని వెనక ఇంకేమీ లేదు.

"నన్ను క్షమించండి ముత్యం గారూ," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, పర్వలేదు మేడం," అన్నాడతను. నేల మీద పడ్డ ముక్కలు ఏరి తువ్వాల్లో కట్టుకున్నాడు. వంగి, కింద రాలిన పొడిని కూడా అరచేత్తో తోసి, దగ్గరచేసి ఎత్తాడు. లేచి, లింబాద్రిని రమ్మని సైగ చేసి, బయటికి నడిచాడు. కాపలా భాయ్ పక్కకు జరిగి దారిచ్చాడు.

యూసుఫ్ ఎముకను ఆఫీసు దీపం కిందికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. విరిగిన కొస దగ్గర సన్నని పగుళ్ళు లేచాయి. నూనె లోపలికి ఇంకి రంధ్రాలు పూడ్చేసింది, అది ఇక రాదు. మధులిక ఎదురుగా నిలబడి, బల్లకు అద్దం బిగించమని అతను ఎప్పుడంటాడా అని ఎదురుచూసింది. అలా అంటే ఎదురు చెప్పకూడదని కూడా అనుకుంది.

"ఇన్ని వారాల్లో ఎంతమంది దీన్ని పట్టుకున్నారు?" అన్నాడు చివరికి. "వాళ్ళలో ఒక్కరు కూడా దీన్ని పాడు చెయ్యలేదు. పాడు చేసింది ఇంట్లోవాళ్ళమైన మనమే. అద్దం జనానికి కాదు, మీ ఇద్దరికీ బిగించాలి." ఎముక ఆమె చేతికి ఇచ్చాడు. "నంబరు మళ్ళీ రాయించు. బల్ల ఉండనీ. ఖలాస్."

బల్ల నిలిచింది. ఆమె భయపడిందల్లా తప్పింది. ఇంటికి వెళ్ళి కిరీటితో ఆ మాట చెబుతూ ఏడ్చింది. అతను ఏమీ అనలేదు, అనకపోవడాన్ని ఆమె ఆ ఒక్కరోజూ శంకించలేదు. వీరవేణికి సబ్బూ నూనే వద్దని నచ్చజెప్పింది. నాలుక పరీక్ష ఇక జన్మలో చెయ్యనని తనూ ఆమెకు ఒట్టు వేయాల్సి వచ్చింది.

తర్వాతి శుక్రవారం గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. ముత్యం వస్తే ఏమనాలో ముందే అనుకుని పెట్టుకుంది. బల్ల పక్కన నిలబడి అందరికీ మీరే చెప్పండి అనాలి. ఇంకో జిప్సం ఎముక పోసుకురండి, మ్యూజియం తరఫున మీ క్యాంపుకే వస్తాను అనాలి. ముత్యం రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

ఆ తర్వాత ఒక శుక్రవారం లింబాద్రి వచ్చాడు. వెంట ఆమె ఎప్పుడూ చూడని మనుషులు నలుగురైదుగురు. మధులిక ఎదురు వెళ్ళింది.

"ముత్యం గారు బాగున్నారా? రాలేదేం?"

"మంచిగనే ఉన్నడు మేడం. గీళ్ళకు సెలవు దొరికింది, తోల్కపొమ్మని ఆయనే పంపిండు."

ఆమె మనసు తేలికపడింది. అందర్నీ బల్ల దగ్గరకు తీసుకొచ్చింది. వాళ్ళు బల్ల చుట్టూ నిలబడ్డారు. నిలబడగానే ఒకరి తర్వాత ఒకరు చేతులు వెనక్కి పెట్టుకుని, వేళ్ళు ముడి వేసుకున్నారు. లింబాద్రి కూడా.

"తియ్యండి, చేత్తో పట్టుకుని చూడండి," అంది మధులిక. "అందుకే కదా ఇక్కడ పెట్టింది."

ఎవరూ కదల్లేదు. ఒకడు లింబాద్రి మొహం చూశాడు.

"వద్దు మేడం," అన్నాడు లింబాద్రి, మర్యాదగానే. "ముత్యమన్న జెప్పి తోలిండు. మంచిగ చూసి రాండ్రి, మేడం జెప్తది ఇనుండ్రి, చెయ్యి మాత్రం పెట్టకుండ్రి అన్నడు. కంపెనీల ఎరుకైతే పని పోతది గద మేడం. మేం దూరంకెళ్ళే చూస్తం. మీరు జెప్పుండ్రి."

మధులిక ఇంకోసారి అడగలేకపోయింది. ఎముకను తనే ఎత్తి, రెండు అరచేతుల్లో పెట్టుకుని, వాళ్ళ ముందు చాచి నిలబడింది. ఇది సముద్రపు ఆవు పక్కటెముక అని మొదలుపెట్టింది. చాలా బరువుగా ఉంటుంది అని చెప్పింది. వాళ్ళు వెనక కట్టుకున్న చేతులు విప్పకుండా, మెడలు ముందుకు చాచి, ఆమె చెప్పినదానికల్లా బుద్ధిగా తలలాడించారు.